చిన్నపిల్లలతో థాయిలాండ్: ఐదు రోజులు, రెండు ఊళ్లు



హైదరాబాద్‌లో రాత్రి రైలెక్కితే తిరుపతి చేరేసరికి తెల్లారుతుంది. అదే హైదరాబాద్ నుంచి బ్యాంకాక్‌కు విమానంలో సుమారు మూడున్నర గంటల ప్రయాణం. గడియారం గంటన్నర ముందుకు తిప్పుకుంటే చాలు, పిల్లల నిద్రవేళలు పెద్దగా చెదరవు. రోడ్డు మీద బళ్లు మనలాగే ఎడమవైపున నడుస్తాయి. అన్నం మూడు పూటలా దొరుకుతుంది. హోటల్లో పసిబిడ్డ ఏడిస్తే విసుక్కునేవాళ్లు తక్కువ, వడ్డించే అమ్మాయే వచ్చి ఎత్తుకుని కాసేపు తిప్పుతుంది, ఆలోగా తల్లి నాలుగు ముద్దలు తింటుంది. చంటిపిల్లలున్న తెలుగు కుటుంబాలు తొలి విదేశీ ప్రయాణానికి థాయిలాండ్‌ను ఎంచుకోవడం మంచి ఆలోచనే.

చిక్కంతా ప్రణాళిక దగ్గరే వస్తుంది. ట్రావెల్ ఏజెంట్ల దగ్గర దొరికే మామూలు ప్యాకేజీ నాలుగు రాత్రులు, ఐదు పగళ్లు. తెల్లవారుజామున బ్యాంకాక్‌లో దిగడం, దిగిన పూటే బస్సులో పటాయా వెళ్లడం. మర్నాడు పొద్దున్నే స్పీడ్ బోటులో కోరల్ ఐలాండ్. ఆ రాత్రి పొద్దుపోయేదాకా ఒక షో. మూడో రోజు మళ్లీ బస్సెక్కి బ్యాంకాక్, దారిలో రత్నాల దుకాణం, సాయంత్రం షాపింగ్. నాలుగో రోజు సఫారీ పార్కు. పాతికేళ్ల స్నేహితుల బృందానికి ఇది బాగానే ఉంటుంది. రోజూ ఒంటిగంటకు నిద్రపోయే రెండేళ్ల బాబుకు మాత్రం ఇందులో నిద్రకు చోటే లేదు. మూడో రోజుకల్లా వాడు అన్నం మానేస్తాడు, నాలుగో రోజుకు ఒళ్లు వెచ్చబడుతుంది.

ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. అమ్మ, నాన్న, ఐదేళ్ల పాప, రెండేళ్ల బాబు, తోడుగా అమ్మమ్మ. చేతిలో ఉన్నవి ఐదు రోజులు, మహా అయితే ఆరు. వీళ్లకు రెండు ఊళ్లు చాలు. బ్యాంకాక్‌లో రెండు రాత్రులు, అక్కడికి దక్షిణంగా 200 కిలోమీటర్ల దూరంలో సముద్రపు ఒడ్డున ఉన్న హువా హిన్‌లో మూడు రాత్రులు. రోజుకు చూడాల్సింది ఒక్కటే, అదీ పొద్దున పూట. మధ్యాహ్నం గదిలో నిద్ర, లేచాక హోటలు ఈతకొలను. ఎండ తగ్గాక వీధిలోనో పార్కులోనో తిరుగుడు. హోటలు మారడం ఒక్కసారే. పెట్టెలు సర్ది, గది ఖాళీ చేసి, కొత్త గదిలో మళ్లీ విప్పుకునేసరికి ఒక పూట పోతుందని పిల్లల తల్లులెవరిని అడిగినా చెబుతారు.

ఎప్పుడు వెళ్లాలన్నది రెండో ప్రశ్న. మన పిల్లలకు దొరికే సెలవులు దసరా, సంక్రాంతి, వేసవి. ఈ మూడింటిలో సంక్రాంతిని మించింది లేదు. జనవరిలో అక్కడ వానలుండవు, ఉక్కపోత తక్కువ, రాత్రిళ్లు హాయిగా ఉంటాయి. దసరా రోజులు బ్యాంకాక్‌లో నిండు వానాకాలం, ఏడాది మొత్తంలో సెప్టెంబరు, అక్టోబరు నెలల్లోనే అక్కడ ఎక్కువ వర్షం పడుతుంది. ఇక వేసవి సెలవుల సంగతి. ఏప్రిల్ ఆ దేశానికి మండుటెండల నెల. పైగా ఏప్రిల్ 13 నుంచి 15 వరకు సోంగ్‌క్రాన్, వాళ్ల సంవత్సరాది. ఊరంతా వీధుల్లోకి వచ్చి ఒకరిపై ఒకరు నీళ్లు చల్లుకుంటారు. పెద్ద పిల్లలకు అంతకు మించిన సరదా ఉండదు. కానీ ఎదురుగా వచ్చే నీటి తుపాకులు రెండేళ్ల పిల్లవాడిని హడలగొడతాయి. ఆ వారం రోజుల్లో రోడ్డు ప్రమాదాలు పెరగడం ఏటా జరిగేదే. వేసవిలోనే వెళ్లక తప్పదనుకునేవాళ్లు ఆ వారం దాటాక బయలుదేరితే మేలు.

విమానం ఎంచుకోవడంలో ఒక మెలకువ ఉంది. మన దగ్గర అర్ధరాత్రి బయలుదేరి అక్కడ తెల్లవారుజామున దిగే విమానాల్లో టికెట్టు కాస్త చవకగా దొరుకుతుంది. కానీ హోటల్లో గది చేతికొచ్చేది మధ్యాహ్నం రెండు గంటలకో మూడు గంటలకో. నిద్ర చెడిన ఇద్దరు పిల్లలతో, కాళ్లు పట్టేసిన అమ్మమ్మతో ఏడెనిమిది గంటలు హోటలు వరండాలో గడపాలి. పగటి విమానం దొరికితే నాలుగు డబ్బులు ఎక్కువైనా అదే తీసుకోవాలి. లేదంటే ముందు రోజు రాత్రి నుంచే గది బుక్ చేసుకోవాలి. ఆ ఒక్క రాత్రి అద్దె మిగుల్చుకోబోయి రెండు రోజుల హుషారు పోగొట్టుకున్న కుటుంబాలు చాలా ఉన్నాయి.

బ్యాంకాక్‌కు విమానాశ్రయాలు రెండు. 2006లో తెరిచిన సువర్ణభూమి పెద్దది. పాతదైన డాన్ మువాంగ్‌లో చవక విమానాలు ఎక్కువగా దిగుతాయి. సువర్ణభూమి నుంచి నగరంలోకి రైలుంది, అరగంటలో చేరుస్తుంది. అయినా పెట్టెలు, పిల్లలు, పెద్దావిడ కలిసి ఉన్నప్పుడు టాక్సీయే నయం. కింది అంతస్తులో యంత్రం దగ్గర బటన్ నొక్కితే చీటీ వస్తుంది, ఏ వరుసలో టాక్సీ ఉందో దాని మీద ఉంటుంది. మీటరు 35 బాట్‌ల దగ్గర మొదలవుతుంది, విమానాశ్రయం రుసుము 50 బాట్‌లు, టోల్ విడిగా ఇవ్వాలి. బాట్ విలువ రెండున్నర నుంచి మూడు రూపాయల మధ్య ఆడుతుంటుంది. చీటీని దిగేదాకా దగ్గరే ఉంచుకోవాలి, సామాను మరిచిపోతే ఆ టాక్సీని పట్టుకోవడానికి అదే ఆధారం.

మొదటి సాయంత్రానికి లుంపినీ పార్కు చాలు. నగరం నడిబొడ్డున 57 హెక్టార్ల పచ్చదనం. గౌతముడు పుట్టిన లుంబినీ పేరే ఈ తోటకూ పెట్టారు. చెరువులో హంస ఆకారపు తొక్కుడు పడవలున్నాయి. పిల్లలు గుర్తుంచుకునేది మాత్రం ఆ చెరువులోని ఉడుములను. మనిషి పొడవుండే నీటి ఉడుము ఒకటి తాపీగా గట్టెక్కి, నాలుక చాపుతూ, జాగింగ్ చేసేవాళ్ల మధ్య నుంచి దారి దాటి అవతలి గడ్డిలోకి వెళ్లిపోతుంది. ఎవరూ ఆగరు, ఎవరూ అరవరు. దాని జోలికి వెళ్లకపోతే అది మన జోలికి రాదు. నాలుగు గజాల దూరంలో నిలబడి చూస్తే పాపకు వారం రోజులు చెప్పుకునేంత కబురు దొరుకుతుంది. పాత గైడు పుస్తకాలు చూసి దుసిత్ జూ కోసం బయలుదేరేవాళ్లు ఇంకా ఉన్నారు. అది 2018లోనే మూతపడింది.

రెండో రోజు పొద్దున వాట్ ఫో. 2019లో తెరిచిన సనామ్ చాయ్ మెట్రో స్టేషన్ నుంచి నడిచి వెళ్లవచ్చు, ఆ స్టేషన్ లోపలి భాగాన్ని రాజదర్బారులా తీర్చారు. గుడిలో 46 మీటర్ల శయన బుద్ధుడు, బంగారు రంగులో మెరుస్తూ. అంత పెద్ద విగ్రహం ముందు పిల్లలు ఒక్క నిమిషం నోరు తెరుచుకుని చూస్తారు, రెండో నిమిషంలో పరుగులు మొదలుపెడతారు. వాళ్లను విగ్రహం వెనక వైపుకు తీసుకెళ్లాలి. అక్కడ గోడ పొడవునా 108 కంచు పాత్రలు వరుసగా ఉంటాయి. ఇరవై బాట్‌లు ఇస్తే చిన్న గిన్నె నిండా చిల్లర నాణేలు ఇస్తారు. పాత్రకొక నాణెం వేసుకుంటూ వెళ్లాలి. టింగుమని ఒకటి, వెంటనే ఇంకొకటి, ముందున్నవాళ్లదీ వెనకున్నవాళ్లదీ కలిసి ఆ హాలంతా ఒకటే గలగల. పాప లెక్కపెడుతుంది, బాబు ఒకే పాత్రలో నాలుగు వేస్తాడు. ఎవరూ ఏమీ అనరు. బుద్ధుడి అరికాళ్లలో ముత్యపుచిప్పలతో పొదిగిన 108 శుభచిహ్నాలను అమ్మమ్మ ఆ పాటికి నిదానంగా చూసుకోవచ్చు.

పక్కనే థా తియెన్ రేవు. అక్కడ చిన్న లాంచీ ఎక్కితే నిమిషాల్లో చావో ఫ్రాయా నది దాటి వాట్ అరుణ్ ముంగిట దిగుతారు. ఆ గోపురం మెట్లు బాగా నిటారుగా ఉంటాయి, పిల్లలను ఎక్కించకపోవడమే మంచిది. ద్వారం దగ్గర నిలబడిన ఇద్దరు రాక్షసులను చూపిస్తే చాలు. ఆకుపచ్చని ఒంటితో, కిరీటంలో అంతస్తులుగా పేర్చిన తలలతో ఉన్నవాడు మన రావణుడే. వాళ్లు తోత్సకాన్ అంటారు. రామాయణం ఆ దేశంలో రామకియెన్‌గా జీవిస్తోంది. మొదటి రామ అనే పేరున్న థాయి రాజు ఆస్థానంలో 1797లో అది గ్రంథరూపం దాల్చింది.

రామకియెన్‌ను బొమ్మల్లో చూడాలంటే మాత్రం రాజప్రాసాదానికి వెళ్లాలి. అందులోని మరకత బుద్ధుడి ఆలయం చుట్టూ ఉన్న వసారా గోడలపై 178 చిత్రాల్లో కథంతా పరుచుకుని ఉంటుంది. రాజప్రాసాదం మొత్తం చిన్నపిల్లలతో చుట్టబెట్టడం కష్టం. నీడ తక్కువ, జనం ఎక్కువ, పెద్దలకు టికెట్టు 500 బాట్‌లు. అందుకే పొద్దున ఎనిమిదిన్నరకు తలుపులు తెరిచీ తెరవగానే లోపలికి వెళ్లి, తిన్నగా ఈ వసారాకు చేరుకుని, గంటలో బయటపడితే సరిపోతుంది. పైన కప్పు ఉంది కాబట్టి ఎండ తగలదు. ఒక చిత్రంలో తెల్లటి హనుమంతుడు కొండంత పెరిగి, రాముడి విడిదిని తన నోట్లో పెట్టుకుని కాపాడుతుంటాడు. రాముణ్ణి ఎత్తుకుపోవడానికి వస్తున్నవాడు మైయరాప్. మన పల్లెల్లో చెప్పుకునే మైరావణుడి కథ ఇదే. మన కథలో హనుమంతుడు తోకతో కోట కడతాడు, అక్కడ నోరే కోట. తోలుబొమ్మలాటలో మైరావణ కథ చూసి పెరిగిన అమ్మమ్మ ఆ గోడ ముందు నిలబడి మనవరాలికి ఏం చెబుతుందో ఏ గైడూ చెప్పలేడు. పెద్దవాళ్లతో కలిసి వెళ్లే ప్రయాణాల విలువ ఇలాంటి చోటే తెలుస్తుంది.

గుళ్లలో భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోవాలి, చెప్పులు బయట విడవాలి, బుద్ధుడి వైపు కాళ్లు చాపి కూర్చోకూడదు. మనవాళ్లకు ఇవేమీ కొత్తవి కావు.

నగరంలో తిరగడానికి స్కైట్రైన్, మెట్రో రెండూ హాయిగా ఉంటాయి. 90 సెంటీమీటర్ల లోపు పిల్లలకు టికెట్టు లేదు. లోపల ఏసీ చలి గట్టిగా ఉంటుంది, బాబుకు ఒక పలచటి దుప్పటి సంచిలో ఉండాలి. పిల్లల తోపుడు బండి విషయంలో ఆలోచించుకోవాలి. బ్యాంకాక్ పేవ్‌మెంట్లు ఎగుడుదిగుడు, స్టేషన్లలో లిఫ్టు ప్రతి ద్వారం దగ్గరా ఉండదు. పిల్లవాణ్ణి ఒంటికి కట్టుకునే సంచీ ఉంటే చేతులు ఖాళీగా ఉంటాయి, మెట్లు ఎక్కడం సులువవుతుంది.

కారు ప్రయాణాల దగ్గర మాత్రం రాజీ పడకూడదు. ఆరేళ్లలోపు పిల్లలను కారులో ప్రత్యేక సీటులోనే కూర్చోబెట్టాలని థాయిలాండ్ 2022లో చట్టం తెచ్చింది. మీటరు టాక్సీల్లో ఆ సీట్లు కనిపించవు. కాబట్టి హువా హిన్ వెళ్లే దూర ప్రయాణానికి కారు మాట్లాడుకునేటప్పుడే ఇద్దరు పిల్లలకూ సీట్లు కావాలని చెప్పి, వయసులు రాసి పంపాలి. అడిగితే కొద్దిపాటి అదనపు రుసుముతో ఇచ్చే సంస్థలు చాలా ఉన్నాయి. అద్దె స్కూటర్ మీద భార్యాభర్తల మధ్య పిల్లను ఇరికించుకుని తిరగడం మనకు అలవాటైన దృశ్యమే. అక్కడ మాత్రం ఆ పని చేయవద్దు. ఆ దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయేవారిలో అత్యధికులు ద్విచక్ర వాహనాల మీద వెళ్లేవారే.

హువా హిన్‌కు కారులో మూడు గంటలు, రైల్లో నాలుగు గంటల లోపు. 1920లలో రాజకుటుంబం వేసవి విడిది కట్టుకోవడంతో ఈ పల్లె ఊరైంది. 1923లో రైల్వేవాళ్లు సముద్రం ఒడ్డున హోటలు కట్టారు, అది నేటికీ నడుస్తోంది. 1932 జూన్ 24న బ్యాంకాక్‌లో రాజు సంపూర్ణాధికారానికి తెరదించిన తిరుగుబాటు జరిగినప్పుడు ఏడో రామ రాజు ఇక్కడి భవనంలోనే ఉన్నాడు. ఎరుపు, మీగడ రంగుల చెక్కతో కట్టిన పాత రైల్వే స్టేషన్ చూడముచ్చటగా ఉంటుంది. 2023 డిసెంబరు నుంచి రైళ్లు పక్కనే ఎత్తున కట్టిన కొత్త స్టేషన్‌లో ఆగుతున్నాయి, పాతదాన్ని చెక్కు చెదరకుండా కాపాడుకున్నారు. సెలవులకు వచ్చే బ్యాంకాక్ కుటుంబాలతో ఊరు నిండి ఉంటుంది. పటాయాలో రాత్రిపూట పిల్లల కళ్లు మూసి తీసుకెళ్లాల్సిన వీధులు చాలా ఉన్నాయి. ఇక్కడ సాయంత్రాలు పిల్లలవే.

ఈ మూడు రోజులకు పెద్ద కార్యక్రమం అక్కర్లేదు. పొద్దున ఏడింటికి సముద్రం. ఆటుపోట్ల వేళలు హోటల్లో అడిగి తెలుసుకోవాలి, పోటు మీదున్నప్పుడు కొన్నిచోట్ల ఇసుక కనిపించదు, ఆటు వేళ విశాలంగా తేలుతుంది. తడి ఇసుకలో చిన్న పీతలు బొరియల్లోకి దూరడం చూస్తూ ఒక పూట గడుస్తుంది. ఒడ్డున పొట్టి గుర్రాల మీద తిప్పేవాళ్లుంటారు. తొమ్మిదిన్నర దాటితే నీడలోకి వచ్చేయాలి. రాత్రి బజారు ఊరి మధ్యలోనే ఉంది, శుక్రవారం నుంచి ఆదివారం దాకా సికాడా అనే కళాకారుల సంత కూడా నడుస్తుంది. పక్కనే చాఅమ్‌లో సముద్రానికి ఎదురుగా టేకు చెక్కతో కట్టిన మృగదాయవన్ ప్రాసాదం ఉంది, 1920లలో ఆరో రామ రాజు కట్టించుకున్నది. స్తంభాల మీద నిలబెట్టిన పొడవాటి వసారాలు, నిండా గాలి.

ఏనుగుల ప్రస్తావన లేకుండా థాయిలాండ్ ముచ్చట పూర్తికాదు. ఏనుగెక్కించే శిబిరాలకు డబ్బివ్వడం మానేస్తే మంచిది. సవారీకి లొంగదీయడం కోసం గున్న ఏనుగులను తల్లుల నుంచి వేరుచేసి, కట్టేసి, కొట్టి మచ్చిక చేసే పద్ధతి ఆ వ్యాపారం వెనక ఉంది. పులులతో ఫోటోలు దిగే చోట్ల పరిస్థితీ అంతే. కాంచనబురిలో పులుల గుడిగా పేరుపడ్డ ఆశ్రమం నుంచి 2016లో అధికారులు 137 పులులను తరలించారు, అక్కడి ఫ్రీజర్‌లో పులికూనల కళేబరాలు బయటపడ్డాయి. హువా హిన్ నుంచి ఇంచుమించు గంటన్నర దూరంలో కుయి బురి జాతీయ వనం ఉంది. మధ్యాహ్నం తర్వాత వనం వాహనాల్లో స్థానిక మార్గదర్శి వెంట తీసుకెళ్తారు. కొండవాలులో గడ్డి మేస్తూ అడవి ఏనుగులు, అదృష్టముంటే అడవిదున్నలు దూరం నుంచి కనిపిస్తాయి. గొలుసుల్లేవు, అంకుశం లేదు. ఈ ప్రయాణానికి నాన్న, పాప వెళ్లి, బాబు అమ్మతో, అమ్మమ్మతో ఈతకొలను దగ్గర ఉండిపోవచ్చు. కుటుంబమంతా ప్రతిచోటికీ కలిసే వెళ్లాలన్న పట్టుదల వదులుకుంటే చాలా అలసట తప్పుతుంది.

ఇక తిండి. మన ఇళ్లలో ఎక్కువ బెంగ దీని గురించే. బియ్యం సమస్య లేదు, వాళ్ల మల్లెవాసన బియ్యం మెత్తగా, పిల్లలు ఇష్టంగా తినేలా ఉంటాయి. పొద్దున పూట జోక్ అనే జావ, ఖావ్ తోమ్ అనే పలచటి అన్నం పులుసు ఎక్కడైనా దొరుకుతాయి, పంటికి పని పెట్టవు. గుడ్డు తినే పిల్లలకు వేడన్నం మీద ఖాయ్ జియావ్ అనే పొంగిన ఆమ్లెట్టు వేసిస్తారు, ఇంట్లో తిన్నట్టే తింటారు. కారం వద్దనడానికి మై ఫెట్ అంటే అర్థం చేసుకుంటారు, అయినా మొదటి ముద్ద పెద్దవాళ్లే రుచి చూడాలి. శాకాహారులు గమనించాల్సింది చేపల సాస్, రొయ్యల ముద్ద. కూరగాయల వేపుడులోనూ అవి పడతాయి. పసుపు జెండా మీద ఎర్రటి అక్షరంతో జే అని రాసిన బండ్లూ హోటళ్లూ ఉంటాయి. అక్కడ మాంసం, చేప, గుడ్డు, పాలు, చివరికి ఉల్లి, వెల్లుల్లి కూడా వాడరు. మడి పాటించే అమ్మమ్మకు ఇంతకంటే ఏం కావాలి! వేరుశనగ పడని పిల్లలుంటే మాత్రం థాయి భాషలో ఆ సంగతి కాగితం మీద రాయించుకుని చూపించడం తప్పనిసరి, నూడుల్స్ నుంచి సాస్‌ల దాకా దాని పొడి చల్లుతారు.

వీధి వీధికీ కనిపించే సెవెన్ ఎలెవెన్ దుకాణాలు పిల్లల తల్లులకు పెద్ద ఆసరా. రాత్రీ పగలూ తెరిచే ఉంటాయి. పాలు, అరటిపండు, డైపర్లు, ఉడికించిన గుడ్డు, ప్యాకెట్ అన్నం అన్నీ దొరుకుతాయి, అన్నాన్ని కౌంటర్ దగ్గరి అమ్మాయే వేడి చేసి ఇస్తుంది. చక్కెర వేయని పెరుగు డబ్బా చూసి తీసుకుంటే రాత్రి పదింటికి కూడా బాబుకు పెరుగన్నం తయారు. ఇంటి నుంచి కందిపొడి, చిన్న సీసాలో నెయ్యి, నాలుగు గుప్పిళ్ల అటుకులు తెచ్చుకుంటే ఆ ఐదు రోజులకు దిగులుండదు. అవి చెక్ఇన్ పెట్టెలో వేయాలి. డబ్బా పాలు తాగే బిడ్డకైతే అలవాటైన పాలపొడే ఇంటి నుంచి తీసుకెళ్లాలి, కొత్తది ప్రయాణంలో మొదలుపెట్టకూడదు. గాజు పెట్టె బండి మీద కోసిచ్చే బొప్పాయి, అనాస, జామ ముక్కలతో పాటు ఉప్పూ కారం కలిపిన పొట్లం ఇస్తారు, మన జామకాయల బండి దగ్గర లాగానే. కుళాయి నీళ్లు మాత్రం తాగకూడదు, పళ్లు తోమడానికి కూడా పిల్లలకు సీసా నీళ్లే.

సముద్రం దగ్గర జాగ్రత్తల గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. ఎర్ర జెండా ఎగురుతుంటే మోకాలి లోతుకు కూడా దిగకూడదు. అండమాన్ సముద్రం వైపున్న ఫుకెట్, క్రాబీ తీరాల్లో మే నుంచి అక్టోబరు వరకు లోపలికి లాగే ప్రవాహాలు బలంగా ఉంటాయి, ఏటా ఈత వచ్చిన పెద్దలే మునిగిపోతుంటారు. ఇంకో ప్రమాదం పెట్టె జెల్లీచేప. అది కుడితే పిల్లలకు ప్రాణాపాయం. చాలా బీచ్‌లలో స్తంభాలకు వెనిగర్ సీసాలు అమర్చి ఉంటాయి. కుట్టినచోట రుద్దకూడదు, మంచినీళ్లు పోయకూడదు, వెనిగర్‌ను అర నిమిషం పాటు ధారగా పోస్తూ సాయం కోసం పిలవాలి. పిల్లలకు చేతులూ కాళ్లూ కప్పే ఈత దుస్తులు వేస్తే ఎండ నుంచీ దీని నుంచీ కూడా కాపు. సన్‌స్క్రీన్ కొనేముందు వెనక అట్ట చదవాలి. పగడపు దిబ్బలకు హాని చేసే ఆక్సీబెంజోన్ లాంటి రసాయనాలున్న క్రీములను సముద్ర జాతీయ వనాల్లో 2021 నుంచి నిషేధించారు.

డెంగీ అక్కడా ఉంది, దోమల మందు పగలు కూడా రాయాలి. కోతులకు తిండి పెట్టనివ్వకూడదు. హువా హిన్ చివర ఖావ్ తకియాబ్ కొండ మీది కోతులు పిల్లల చేతిలోని పొట్లం లాక్కుంటాయి, కరిస్తే రేబిస్ టీకాల కోసం ఆసుపత్రి చుట్టూ తిరగాల్సి వస్తుంది. జ్వరం సిరప్, ఓఆర్ఎస్ పొట్లాలు, థర్మామీటర్ చేతిసంచిలోనే ఉండాలి. బ్యాంకాక్‌లోనూ హువా హిన్‌లోనూ మంచి ప్రైవేటు ఆసుపత్రులున్నాయి, ఖర్చు ఎక్కువ, అందుకే పిల్లలతో సహా అందరికీ ప్రయాణ బీమా తీసుకోవాలి. అంబులెన్స్ నంబరు 1669, టూరిస్ట్ పోలీసులది 1155. ఈ రెండూ అమ్మమ్మ ఫోనులో కూడా వేసి పెట్టాలి.

ఫుకెట్ వెళ్లకూడదా అని అడిగేవాళ్లుంటారు. నవంబరు చివరి నుంచి మార్చి దాకా తప్పకుండా వెళ్లవచ్చు, అప్పుడు సముద్రం నిలకడగా ఉంటుంది. అలాగైతే బ్యాంకాక్‌ను పూర్తిగా వదిలేసి ఐదు రోజులూ ఒకే బీచ్‌లో ఉండాలి. స్పీడ్ బోటులో ఫి ఫి దీవులకు వెళ్లడం రెండేళ్ల పిల్లవాడితో వద్దు, ఆ కుదుపులు వెన్ను దాకా తగులుతాయి. సినిమాతో పేరొచ్చిన మాయా బే దెబ్బతిన్న పగడాల కోసం 2018లో మూతపడి 2022లో తెరుచుకుంది, ఇప్పుడు అక్కడ ఈత కొట్టనివ్వరు. ఉత్తరాన చియాంగ్ మాయ్ అందమైన ఊరే. కానీ ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు పొలాలూ అడవులూ తగలబెట్టిన పొగ కమ్ముకుంటుంది, ఆ నెలల్లో చిన్నపిల్లల ఊపిరితిత్తులను అక్కడికి తీసుకెళ్లకూడదు.

తిరుగు ప్రయాణంలో సువర్ణభూమికి మామూలుకంటే ఒక గంట ముందే చేరుకోవాలి. పాస్‌పోర్టు తనిఖీ దాటగానే హాలు మధ్యలో క్షీరసాగర మథనం కొలువై ఉంటుంది. కూర్మం మీద మందర పర్వతం, దాని మీద విష్ణుమూర్తి, వాసుకిని పట్టుకుని ఒకవైపు దేవతలు, మరోవైపు రాక్షసులు. ఎవరు తల పట్టుకున్నారు, ఎవరు తోక పట్టుకున్నారు అని పాపను వెతకమంటే విమానం పిలుపు వచ్చేదాకా ఆమెకు పనే పని.

చివరగా కాగితాలు. 2024 జూలైలో థాయి ప్రభుత్వం భారతీయులను వీసా లేకుండా 60 రోజుల వరకు ఉండనిచ్చింది. ఇలాంటి వెసులుబాట్లను ప్రభుత్వాలు మారుస్తుంటాయి, కాబట్టి టికెట్టు కొనే రోజునే థాయి రాయబార కార్యాలయం వెబ్‌సైట్‌లో నిబంధన చూసుకోవాలి. 2025 మే 1 నుంచి డిజిటల్ అరైవల్ కార్డు తప్పనిసరి అయింది. చేరే తేదీకి ముందు మూడు రోజుల్లో, చంటిబిడ్డతో సహా ప్రతి ఒక్కరి పేరునా నింపాలి. అది పూర్తిగా ఉచితం, డబ్బడిగే వెబ్‌సైట్ ఏదైనా సరే ప్రభుత్వానిది కాదు.

అన్నిటికంటే ముందు ఈ సాయంత్రమే బీరువాలోంచి పిల్లల పాస్‌పోర్టులు తీసి చూడండి. పెద్దలకు పదేళ్ల గడువుంటే చిన్నపిల్లలకు ఐదేళ్లే, నెలల బిడ్డకైనా విడిగా పాస్‌పోర్టు ఉండాల్సిందే. ప్రయాణం నాటికి ఇంకా ఆరు నెలల గడువు మిగిలి లేకపోతే ముందు దాన్ని మార్పించండి, టికెట్లు ఆ తర్వాతే కొనండి.